పదిహేడో నెంబరు చిక్కుడుకాయ

నాకు జరిగిన అన్యాయాలను అవి జరిగిన తేదీల వరుసలో ఈ కింద పొందుపరుస్తున్నాను. ఇవన్నీ షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని మా కంపెనీ కాంపు ఆవరణలో జరిగినవి. మూలప్రతి, అనగా ఆనాటి నా నోటుబుక్కు, ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉన్నది.

1980 నవంబరు 14, శుక్రవారం. నేను స్నానానికి వెళ్లి వచ్చేలోగా, బఠాణీ పాదుల మొదటి వరుసలో పూత మీదున్న మూడు కొసలను ఎవరో తుంచి చెవుల్లో పెట్టుకున్నారు.

డిసెంబరు 5, శుక్రవారం. తొలి బఠాణీ కోతకు వచ్చినది. నేను పుస్తకమూ పెన్సిలూ తెచ్చుకునే లోపల పదకొండు కాయలు తినబడినవి. గింజలు మాత్రమే పోయినవి; విప్పిన తొక్కలు తీగమీదనే, లోపల ఏమైనా ఉన్నదేమో అన్నట్టు, వేలాడుతూ ఉన్నవి.

డిసెంబరు 19, శుక్రవారం. ‘కాయలు కోయదలచినవారు స్లిప్పు రాసి ఇవ్వవలెను’ అని నేను కట్టిన అట్ట కింద ఎవరో బొగ్గుతో ‘రాయరానివారు నోటితో కోయవచ్చును’ అని చేర్చారు.

1981 జనవరి 2, శుక్రవారం. ఫ్రీజర్‌లో నేను భద్రపరచిన బఠాణీల పొట్లం మీద మూడు వంజరం చేపలను పడుకోబెట్టారు.

జనవరి 16, శుక్రవారం. విత్తనానికి ఉంచిన చిక్కుడుకాయల చీటీలలో ఒకదానిని విప్పి, మధ్యాహ్నం కునుకు తీస్తున్న నా కాలి బొటనవేలికి కట్టారు. ఆ చీటీ మీద ‘ముదిరినది. తినరాదు’ అని ఉన్నది.

ఫిబ్రవరి 10, మంగళవారం, సాయంత్రం. చీటీలు కట్టిన విత్తనపు చిక్కుడుకాయలు పద్నాలుగు, ఆకులు సుమారు ముప్పై, కనిపించకుండా పోయినవి.

ఫిబ్రవరి 11, బుధవారం, ఉదయం. పోయిన సొత్తుకు నా చేతనే దండం పెట్టించారు.

వీటిలో మొదటి ఐదింటినీ ఇన్నేళ్ల తరువాత మాఫీ చేస్తున్నాను. అన్నింటినీ మోసుకు తిరిగే వయసు కాదు నాది. ఏడవది దైవసంబంధమైనది కనుక దానిపై వ్యాఖ్యానించను. ఆరవదానిని మాత్రం వదలను. ఎందుకు వదలనో తెలియాలంటే ఆ చిక్కుడు ఎడారికి ఎలా వచ్చినదో, దానిమీద ఏమి ఆధారపడి ఉన్నదో ముందుగా విన్నవించుకోవాలి.

నేను ఆ కంపెనీలో స్టోర్ కీపరుని. సిమెంటు బస్తా దగ్గరనుంచి చిన్న మేకు వరకు ఏది బయటికి పోవాలన్నా స్లిప్పు ఉండాలి, స్లిప్పు మీద సంతకం ఉండాలి. ఒకసారి మా ముదీర్, అనగా మేనేజరు, స్వయంగా వచ్చి సుత్తి అడిగితే, ఆయన చేత కూడా స్లిప్పు రాయించుకున్నాను. ఆయన నవ్వాడు, అయినా సంతకం పెట్టాడు. దానినే నేను క్రమశిక్షణ అంటాను. నవ్వితే నవ్వవచ్చు, సంతకం మాత్రం పెట్టాలి.

కాంపులో ప్లైవుడ్ గదులు రెండు వరుసలు, మధ్యలో ఇసుక, ఒక చివర వంటశాల, మరొక చివర స్నానాల గదులు. ఆ రెంటికీ నడుమ, కుళాయిల వెనుక, తారు డ్రమ్ములను సగానికి కోయించి, ఇసుకలో గొర్రెల ఎరువూ వంటశాలలో వాడి పారేసిన టీ పొడీ కలిపి నింపి, నేను తోట వేశాను. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునేవారి నీళ్లు వృథాగా ఇసుకలోకి ఇంకిపోయేవి. కాపలా ఉండే పఠాన్ పెద్దమనిషి అనుమతి తీసుకుని, వాటిని చిన్న కాలువగా మళ్లించుకున్నాను. రోజుకు ఐదుసార్లు, వేళ తప్పకుండా తడి. అంత నిక్కచ్చి అయిన నీటిపారుదల నేను మరెక్కడా చూడలేదు. పందిరికి వంకరపోయిన ఇనుప ఊచలు, బైండింగ్ వైరు. అవి కూడా స్లిప్పు మీదనే తీసుకున్నాను. ఇచ్చినవాడిని నేనే, పుచ్చుకున్నవాడిని నేనే. రెండు సంతకాలూ పెట్టాను.

బఠాణీ విత్తనం కిరాణా కొట్టులోని ఎండు బఠాణీయే. చిక్కుడు విత్తనం మాత్రం సామాన్యమైనది కాదు. ఆ ఏడాది వేసవిలో సెలవుకు వెళ్లినప్పుడు నా భార్య గుడ్డలో ముడివేసి లెక్కపెట్టి ఇచ్చిన పన్నెండు గింజలు. కాయకు ఊదా రంగు అంచు, గింజ నల్లన, దానిమీద తెల్లటి గీత. ఆ రకం మా ఊళ్లో మా పెరటిలో తప్ప లేదు. తొమ్మిది మొలిచినవి. డిసెంబరు నెల వచ్చేసరికి పందిరి నిండా పూత. డ్యూటీ బస్సు దిగినవారు గదులకు పోకుండా అక్కడ నిలబడి చూసేవారు. చూడడం వరకు నాకు అభ్యంతరం లేదు.

ఆ నెలలోనే నా భార్య దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. ఆమె ఉత్తరాలు క్లుప్తంగా ఉంటాయి. ‘పక్కింటి గేదె మన చిక్కుడు పందిరిని లాగిపడేసి, వేళ్లతో సహా తిన్నది. దాచిన విత్తనం పురుగు పట్టింది. మీరు పట్టుకుపోయిన గింజలే ఇక గతి. వచ్చే జూనులో సెలవుకు వచ్చేటప్పుడు విత్తనం తేవలెను. విత్తనం లేకుండా మీరు ఒక్కరే రావడం దేనికో నాకు బోధపడడం లేదు.’

ఆ ఉత్తరాన్ని నేను మూడుసార్లు చదివాను. పరిస్థితి తేటతెల్లం. ప్రపంచం మొత్తం మీద ఆ రకం చిక్కుడు ఇప్పుడు షార్జాలో, కుళాయిల వెనుక, తారు డ్రమ్ములలో మాత్రమే ఉన్నది. దాని చుట్టూ అరవై మంది ఆకలిగొన్న మనుషులు ఉన్నారు.

ఆ అరవై మందిలో ఇద్దరి గురించి చెబితే చాలు. ఒకరు మా వంటమనిషి, కోనసీమవాడు. రెండవవారు తాపీ మేస్త్రీ, కరీంనగర్ వైపు పల్లెవాడు. వంటమనిషి నన్ను ‘గురువుగారూ’ అనేవాడు. అనేటప్పుడు గౌరవమూ, అన్న తరువాత నవ్వూ ఉండేవి. మేస్త్రీ ‘పెద్దసారు’ అనేవాడు. ఆయనకు నవ్వే అలవాటు లేదు, నవ్వించే అలవాటే. చిక్కుడు ఎప్పుడు కోయాలన్న విషయంలో వీరిద్దరూ ఒకరినొకరు మనుషులుగా లెక్కవేసేవారు కాదు.

“అయ్యబాబోయ్, ఇంత లేతకాయ పెట్టుకుని కొయ్యొద్దంటారేంటండీ గురువుగారూ!” అనేవాడు వంటమనిషి. “అల్లం పచ్చిమిరగాయ దంచి పడేసి మూత పెడితే ఇట్టే మగ్గిపోద్దండి. రేపటికి పీచు కట్టేత్తాదండి.”

“లేతది ఏం దింటవే, గడ్డి నమిలినట్టు,” అనేవాడు మేస్త్రీ. “గింజ పడనియ్యి. ఉప్పేసి ఉడ్కవెట్టి రొట్టె తోని తిని సూడు, అప్పుడెర్కైతది.”

“మీకు రాళ్లు నమిలే పళ్లున్నాయి మేస్త్రీగారూ. మా పళ్లు పళ్లేనండి.”

“నీ పండ్లు గంత మంచియైతే మొన్న నీ చపాతి నువ్వే ఎందుకు దినలే?”

ఉభయపక్షాలకూ నా సమాధానం ఒక్కటే. పందిరికి దక్షిణపు సగం కూరకు, ఉత్తరపు సగం విత్తనానికి. దక్షిణపు కాయలు కావలసినవారు స్లిప్పు రాసి ఇస్తే వారానికి రెండుసార్లు నేనే కోసి ఇస్తాను. ఉత్తరపు కాయలను తాకరాదు. స్లిప్పులు రాశారు, రాయలేదని అనను. అవన్నీ నా దగ్గర ఉన్నవి. ఒకదానిలో ‘సరుకు: చిక్కుడుకాయ. ఏ పనికి: కడుపుకి. తిరిగి ఇచ్చే తేదీ: రేపు పొద్దున’ అని ఉన్నది. దానిని నేను తిరస్కరించాను.

బఠాణీ విషయంలో నా ఓటమిని ఒప్పుకుంటున్నాను. ఆ పాదులు స్నానాల గదులకు పోయే దారిలో ఉండడం నా ప్రణాళికలో లోపం. తువ్వాలు భుజాన వేసుకుని పోయే ప్రతివాడూ ఎడమ చేత్తో ఒక కాయ, తిరిగి వచ్చేటప్పుడు కుడి చేత్తో ఒక కాయ. స్నానాలు చేయనివారు కూడా స్నానాలకు వెళ్లడం మొదలుపెట్టారు. మిగిలిన కొద్దిపాటిని నేను డిసెంబరు చివరలో వేకువనే కోశాను. మా సైటులోని ఇంగ్లీషు ఇంజనీరు చెప్పిన పద్ధతి ప్రకారం మరిగే నీళ్లలో ఒక నిమిషం ముంచి, వెంటనే మంచు నీళ్లలో వేసి, గుడ్డమీద తడి ఆరబెట్టి, పొట్లం కట్టి, పొట్లం మీద తేదీ వేసి ఫ్రీజర్‌లో పెట్టాను. వంజరం చేపల సంగతి పైన మనవి చేశాను. వాటి నీరు కారి పొట్లంలోకి దిగింది. ఆ బఠాణీలతో వంటమనిషి పులావు చేస్తే, చేప ముక్క ఒక్కటీ లేకుండానే చేపల పులావు అన్నారు అందరూ. గిన్నె కడగవలసిన అవసరం కూడా రాలేదు. అయినా ఫిర్యాదు ఫిర్యాదే.

కనుక చిక్కుడు విషయంలో నేను మరింత జాగ్రత్త పడ్డాను. జనవరి మొదటివారంలో ఉత్తరపు సగంలోని కాయలలో నిటారుగా, నిండుగా ఉన్న ఇరవై ఒక్క కాయలను ఎంపిక చేసి, ఒక్కొక్కదానికి దారంతో ఒక చీటీ కట్టాను. చీటీ మీద నెంబరు, కింద ‘ముదిరినది. తినరాదు’ అన్న హెచ్చరిక. అన్నీ పెన్సిలుతోనే రాశాను. సిరా ఆ ఎండకు నెలలో వెలిసిపోతుంది, పెన్సిలు నిలుస్తుంది. ఇది స్టోరులో నేర్చుకున్న విషయం.

మేస్త్రీ చేతులు వెనక్కి కట్టుకుని పందిరి ఈ చివరనుంచి ఆ చివరకు నడిచి, చీటీలన్నీ చదివాడు.

“ఏంది పెద్దసారు, కాయలకు పాసుపోర్టులు ఇచ్చినవా?”

“ఇవి విత్తనానికి.”

“మంచిదే. మరి గీటికి కఫీల్ ఎవలు?” కఫీల్ అనగా, మన పాసుపోర్టు తన దగ్గర ఉంచుకుని, తన అనుమతి లేనిదే మనల్ని కదలనివ్వని అక్కడి యజమాని.

“నేనే. నా అనుమతి లేకుండా ఇవి ఎక్కడికీ కదలరాదు.”

“అయ్యో పాపం,” అన్నాడు మేస్త్రీ, ఎనిమిదో నెంబరు కాయను వేలితో నిమిరి. “ఇగ నువ్వు గూడ ఇంటికి వోయినట్టే, బిడ్డా.”

జనవరి నెలాఖరుకు ఒకటినుంచి ఏడు వరకు నెంబర్ల కాయల తొక్కలు పసుపురంగుకు తిరిగినవి. వాటిని కోసి, ఒలిచి, ఖాళీ పాలపొడి డబ్బాలో వేసి, మూత చుట్టూ మైనం పోసి, డబ్బాను ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాను. అందులో ఇరవై ఆరు గింజలు. వంటమనిషి గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు.

“గురువుగారూ, గింజ ఇంకా మెత్తగానే ఉందండి. నాలుగు ఎండలు పడాలండి. తర్వాత కాస్త ఆముదం రాసి పెట్టుకోవాలండి.”

స్టోరులో సిమెంటుకు గాలి తగిలితే గడ్డకడుతుంది. వెల్డింగు కడ్డీలకు గాలి తగిలితే చెడిపోతాయి. గాలి తగలకుండా దాచడం నా వృత్తి. ఆరుబయట ఎండబెడితే మేస్త్రీ రొట్టెలోకి పోతాయన్నది నా అనుభవం. అందుచేత సలహా ఏదైనా ఉంటే రాతపూర్వకంగా ఇవ్వమన్నాను. అతను ఇవ్వలేదు. ఇది ఫైలులో ఉండవలసిన విషయం కనుక ఇక్కడ నమోదు చేస్తున్నాను: అతను రాసి ఇవ్వలేదు.

ఫిబ్రవరి 10న బస్సు దిగి వచ్చేసరికి ఉత్తరపు సగం బోడిగా ఉన్నది. ఎనిమిదినుంచి ఇరవై ఒకటి వరకు, పద్నాలుగు కాయలూ లేవు. చీటీలు కూడా లేవు. ఆకులు ఏరి ఏరి కోసి ఉన్నవి. నేను ప్రతి గది తలుపూ కొట్టాను. ‘మాకు ఎర్కలే సారూ’ అన్నవారు కొందరు, ‘ఆయ్, చూడలేదండి’ అన్నవారు కొందరు. అబద్ధం రెండు యాసలలోనూ ఒకే రకంగా వినిపించింది.

మర్నాడు తెల్లవారుజామున బయట కలకలం వినిపించి తలుపు తీశాను. కుళాయిల దగ్గర పాతికమంది, నడుముకు తువ్వాళ్లతో, నెత్తిమీద, భుజాలమీద జిల్లేడు ఆకులు పెట్టుకుని చన్నీళ్లు పోసుకుంటున్నారు. ఆ ఎడారిలో మరేమీ మొలవకపోయినా జిల్లేడు కావలసినంత. పఠాన్ పెద్దమనిషి చేతిలో టార్చి పట్టుకుని, ఒక్కొక్క నెత్తిమీదికీ వెలుగు వేసి చూస్తున్నాడు.

“క్యా హో గయా తుమ్ లోగోఁ కో? సర్ పే పత్తా?”

“సూరజ్ కా బర్త్‌డే హై, చాచా,” అన్నాడు మేస్త్రీ, వణుకుతూ.

పఠాన్ ఆలోచించాడు. “ఇత్నా ఠండ్ మే సూరజ్ ఖుద్ నహీఁ నహాతా,” అని, అనగా ఇంత చలిలో సూర్యుడే స్నానం చేయడని తేల్చి, టార్చి ఆర్పి వెళ్లిపోయాడు.

రథసప్తమి. నా నోటుబుక్కులో ప్రతి తేదీ ఉన్నది, తిథి మాత్రం లేదు. అదీ నా లోపమే. ఆ పండుగకు చిక్కుడుకాయలను చీపురుపుల్లలతో గుచ్చి రథం కట్టి, చిక్కుడు ఆకులలో పరమాన్నం వడ్డించి, సూర్యుడికి నైవేద్యం పెడతారు. రథం ఎక్కడని అడిగి, నేను కాంపులోని స్టోరు గది వెనక్కి పరుగెత్తేసరికి, ఇనుప నిచ్చెన ఎక్కి అప్పటికే రథాన్ని నీళ్ల ట్యాంకు పక్కన, డాబామీద, తూర్పుముఖంగా నిలిపారు. నేనూ నిచ్చెన ఎక్కి చూశాను. జానెడు ఎత్తు. చాలా నిటారైన రథం. ఎందుకు నిటారుగా ఉండదు! లేతకాయలైతే గుచ్చిన పుల్లకు వంగిపోతాయి. ముదిరినవి, ఏరినవి, నెంబర్లు వేసినవి అయితే నిలబడతాయి. నా చీటీలను దారాలతో సహా రథం చుట్టూ తోరణాలుగా కట్టారు. పైన పుల్లకు ఏదో కాగితం జెండా. ఆకులలో ఆవిర్లు కక్కుతున్న పరమాన్నం.

సరిగ్గా అప్పుడే సూర్యుడు గోడౌన్ల వెనకనుంచి పైకి వచ్చాడు. నా చేతులు వాటంతట అవే జోడించుకున్నవి. జోడించుకున్న తరువాతనే కోపం వచ్చింది.

“ఇది నా విత్తనం!” అన్నాను.

“తప్పండి గురువుగారూ, దేవుడి ముందు అరవకూడదండి,” అన్నాడు వంటమనిషి, నా చేతిలో పరమాన్నం పెడుతూ.

“ముందు రథం విప్పండి.”

మేస్త్రీ మెల్లగా అన్నాడు: “నువ్వే విప్పు పెద్దసారు. మేం వద్దన్నమా? దేవుడు గూసున్నడు. దిగుమని జెప్పి విప్పు.”

నేను విప్పలేదు. పరమాన్నం తిన్నాను, వేడిగా ఉన్నది, జీడిపప్పు కూడా వేశారు. బస్సు హారను మోగింది. “యల్లా, యల్లా!” అని డ్రైవరు కేక. మేస్త్రీ నిచ్చెన దిగుతూ, “ఖలాస్,” అన్నాడు. ఖలాస్ కాలేదు.

ఆ రథాన్ని తరువాత పారే నీళ్లలో వదలాలి. కాంపులో పారే నీళ్లు అంటే కుళాయిలవే. సముద్రపు పాయలో వదులుదామని కొందరు, ఉప్పు నీళ్లలో వదలరాదని కొందరు. ప్రతి శుక్రవారం ఈ చర్చ మొదలయ్యేది, భోజనం గంటకు వాయిదా పడేది. దేవుడి రథాన్ని చెత్తలో వేసే ధైర్యం ఎవరికీ లేదు. మార్చినాటికి అందరూ దానిని మరచిపోయారు. నేను మరచిపోలేదు గాని, నా ధైర్యమంతా పాలపొడి డబ్బామీద ఉన్నది. రథం పోయినా ఇరవై ఆరు గింజలు ఉన్నవి కదా. నా భార్యకు జరిగినదంతా, పద్నాలుగు కాయల అపహరణతో సహా, వివరంగా రాశాను. ఆమె జవాబు: ‘డబ్బాలోవి ఎండినవేనా?’ ఆ ప్రశ్నతో ఆమె మేస్త్రీపక్షమో వంటమనిషిపక్షమో వహించినట్టుగా భావించి నేను బాధపడ్డాను.

మే మొదటివారంలో, సెలవు ఖాయమయ్యాక, మైనం గీకి డబ్బా తెరిచాను. వాసన ముందు వచ్చింది. లోపల బూడిదరంగు నూగు పట్టిన ఒకే ఒక్క ముద్ద. గింజలు విడివిడిగా లేవు కనుక లెక్కపెట్టడానికి కూడా వీలు లేకపోయింది. తోటలో తీగలు ఏప్రిల్ ఎండకే మాడిపోయినవి. దక్షిణపు సగం ఎప్పుడో కడుపులలోకి పోయింది. నేను ట్రంకు పెట్టెమీద కూర్చున్నాను. వంటమనిషి లోపలికి తొంగిచూసి, డబ్బా చూసి, టీ తెచ్చి పెట్టాడు. ‘నేను ముందే చెప్పాను’ అనకపోవడం అతని ఖాతాలో ఒక మంచి విషయం. అదీ నమోదు చేశాను.

విత్తనం లేకుండా మనిషి ఒక్కడే ఇంటికి పోవడం ఎలాగ? సెలవు రద్దు చేసుకోవాలా అని కూడా ఆలోచించాను. దరఖాస్తు చిత్తుప్రతి రాశాను. కారణం అన్న గడిలో ఏమి రాయాలో తెలియక ఆగిపోయాను.

ఆ శుక్రవారం ట్యాంకు నీళ్లు మరీ మరుగుతున్నవని, దానికి తడి గోనెలు చుట్టడానికి మేస్త్రీ డాబా ఎక్కాడు. పైనుంచి కేక.

“పెద్దసారు! ఓ పెద్దసారు! నీ దేవుడు గలగలమంటుండు!”

నేను నిచ్చెన ఎక్కిన వేగం నా వయసుకు తగినది కాదు. రథం అక్కడే ఉన్నది. కొంచెం ఒరిగింది, అంతే. మూడు నెలల షార్జా ఎండ. కాయలు గోధుమరంగు కాగితంలా ఎండి, గాలికి కదిలితే లోపల గింజలు గలగలమంటున్నవి. ఒక కాయ విప్పితే నల్లటి గింజలు, తెల్లటి గీత, గోరు దిగనంత గట్టివి. విత్తనాన్ని ఇంతకంటె బాగా ఎండబెట్టడం ఎవరివల్లా కాదు. సూర్యుడి వాహనాన్ని సూర్యుడే చూసుకున్నాడు.

“విప్పుదమా?” అన్నాడు మేస్త్రీ.

ముందు ఇద్దరమూ దండం పెట్టాము. తరువాత విప్పాము.

ఆ సంతోషంలో నా జీవితంలో ఒకే ఒక్కసారి, లెక్కపెట్టకుండా రాశాను. ఆ సాయంత్రమే నా భార్యకు ఉత్తరం వేశాను: ‘పద్నాలుగు కాయలూ దొరికినవి.’ ఉత్తరం పోస్టు డబ్బాలో పడ్డాక గదికి వచ్చి, చీటీలను నెంబర్ల వరుసలో పేర్చాను. ఎనిమిది, తొమ్మిది, పది… పదహారు, పద్దెనిమిది. పదిహేడు లేదు. కాయా లేదు, చీటీ కూడా లేదు. డాబా అంతా వెతికాను. ట్యాంకు కింద వెతికాను. అప్పుడే జెండా కాగితం విప్పి చూశాను. అది నా స్టోరు స్లిప్పే. పెన్సిలు రాత, స్పష్టంగా నిలిచి ఉన్నది:

‘సరుకు: ముదురు చిక్కుడుకాయలు, 14. ఏ పనికి: రథం. పుచ్చుకున్నవారు: సూర్యుడు. సంతకం:’

సంతకం గడి ఖాళీ.

జూనులో ఇల్లు చేరాను. బొంబాయి విమానాశ్రయంలో తనిఖీ అధికారి ఆముదం రాసిన నల్లటి గింజలను అరచేతిలో వేసుకుని చాలాసేపు చూసి, వీటిలో ఏముందని అడిగాడు. చిక్కుడు అన్నాను. మిగతా సామానంతా మరింత శ్రద్ధగా వెతికాడు. ఇంట్లో నా భార్య నన్ను పలకరించక ముందే గింజలను చేటలో పోసింది. నేను కాళ్లు కడుక్కుని వచ్చేసరికి నలభై తొమ్మిది అని తేల్చి, నేను చీటీలతో సహా భద్రంగా తెచ్చిన తొక్కలను కూడా లెక్కపెట్టింది.

“పద్నాలుగని రాశారు. ఇవి పదమూడు.”

“పదిహేడో నెంబరు కనబడలేదు.”

ఆమె నావైపు చూసింది. “తిన్నారా?”

ఆ ఒక్క మాట దగ్గరే నా జీవితం ఆగిపోయింది. తినలేదని చెప్పాను. నోటుబుక్కు చూపించాను. నోటుబుక్కు రాసింది మీరే కదా అన్నది. ఆ ఏడాది తొలకరికి గింజలన్నీ మొలిచినవి. మా వీధిలో సగం పెరళ్లలో ఇప్పుడున్న ఊదా అంచు చిక్కుడంతా ఆ రథం సంతానమే. అయినా మా ఇంట్లో చిక్కుడుకాయ కూర వండిన ప్రతిసారీ, నా కంచంలో వడ్డించి, “పదిహేడోది ఇందులో లేదు లెండి, నిశ్చింతగా తినండి,” అంటుంది ఆమె. నా మనవలకు సైతం ఆ నెంబరు తెలుసు.

మేస్త్రీని ఒకసారి ఫోనులో అడిగాను. “సూర్యుడు దిన్నడేమో సారూ, ఏడు గుర్రాలాయె, ఆకలి గాదా?” అన్నాడు. వంటమనిషిని అడిగితే, “రథం కట్టింది మేస్త్రీగారండి, నేను పరమాన్నం వరకేనండి,” అన్నాడు. ఇద్దరూ నవ్వారు, నవ్వే అలవాటు లేని మేస్త్రీ కూడా. నోటిమాటలను, నవ్వులను నేను సాక్ష్యంగా స్వీకరించను.

కావున, అప్పటి తాపీ మేస్త్రీ గారికీ అప్పటి వంటమనిషి గారికీ ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా: ఫిబ్రవరి 10 సాయంత్రం పందిరినుంచి కోసిన కాయలలో పదిహేడవ నెంబరు రథం ఎక్కినదా లేదా, ఎక్కనిచో ఎవరి నోటికి పోయినది, పచ్చిదా ఉడికినదా, ఎక్కినచో ఎక్కడ దిగినది, దాని చీటీ ఏమైనది అన్న విషయాలు తెలుపవలెను. స్లిప్పులోని ఖాళీ గడిలో ఇప్పటికైనా సంతకం పెట్టవలెను. సూర్యుడి తరఫున ఎవరు పెట్టినా అంగీకరిస్తాను. నేను తినలేదన్న ఒక్క వాక్యం విడిగా, పెద్ద అక్షరాలతో, నా భార్యకు చూపించడానికి వీలుగా రాయవలెను.

ఇది చదివిన ముప్పై రోజులలోగా జవాబు రెండు ప్రతులలో, రాతపూర్వకంగా అందజేయవలెనని కోరుతున్నాను. పెన్సిలుతో రాయవలెను.